ముప్పై సెక్షన్ అమల్లో ఉంది

మా మస్జిద్ వాట్సాప్ గ్రూపులో నెలకు రెండు ఖబర్లు మాత్రం తప్పకుండా వస్తాయి. ఒకటి చాంద్ ఖబర్. రెండోది ఇంగ్లీషు నెల మొదట్లో ఎవరో ఒకరు పెట్టే పేపర్ కటింగ్. సబ్ డివిజన్ పరిధిలో నెలాఖరు వరకు సెక్షన్ 30 పోలీసు యాక్ట్ అమల్లో ఉంటుందనీ, ముందస్తు అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు పెడితే చర్యలు తప్పవనీ దాని సారాంశం. చాంద్ కనిపించకపోతే మనం ముప్పై రోజులు పూర్తి చేసుకుని కొత్త నెలలోకి వెళ్తాం. ఈ ముప్పై మాత్రం పూర్తయ్యేది కాదు. నెల మారితే తారీఖులు మారతాయి, మాటలు అవే.

ఆంధ్రప్రదేశ్‌లో ఏ ఊరివాళ్ళనైనా అడగండి, ఈ కటింగ్ చూసే ఉంటారు. మాది గూడూరు. మద్రాసు నుంచి వచ్చే రైలు విజయవాడకు ఒక దారి, రేణిగుంటకు ఒక దారి చీలే జంక్షన్. నిమ్మకాయల మార్కెట్టు పొద్దున్నే లేస్తుంది, ఊరు దానితోపాటు లేస్తుంది. జులూసులు, గొడవలు పేపర్లో మొదటి పేజీకెక్కే రకం ఊరు కాదు. అయినా ముప్పై సెక్షన్ అనే మాట ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియనిదల్లా అందులో ఏముందన్నదే. నాకూ దాన్ని చదవాల్సిన అవసరం మా మామూ వల్ల వచ్చింది.

మామూది మా నానీ వాళ్ళ ఊరు. పేరు రాయను, చిన్న ఊరు, అందరూ ఇట్టే గుర్తుపడతారు. అక్కడ మస్జిద్ కమిటీకి ఆయనే సదర్. ఆ ఊరి ఖబ్రస్తాన్‌కి పోయే దారి రెండు ఫర్లాంగులు ఉంటుంది. పక్క కాలువ పూడిపోయి మురుగు మొత్తం దారి మీదికి వస్తుంది. వానాకాలం జనాజా మోసేవాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో నడవాలి. పోయిన సంవత్సరం ఒక మయ్యత్‌ను తీసుకుపోతుంటే ముందు పట్టుకున్న అబ్బాయి కాలు జారి డోలా పక్కకు ఒరిగిందట. పడలేదు, అల్‌హందులిల్లాహ్. కానీ ఆ మయ్యత్ కొడుకు ఆ రోజు నుంచి మామూ ముఖం చూడటం మానేశాడు. "సదర్‌వి కదా, ఏం చేస్తున్నావు" అన్న ఒక్క మాట అని వెళ్ళిపోయాడట.

మొహల్లా వాళ్ళు పాతికమంది కలిసి ఆఫీసుదాకా నడిచి వెళ్ళి, దర్ఖాస్తు చేతికిచ్చి రావాలని అనుకున్నారు. అంతే. నినాదాలు లేవు, జెండాలు లేవు. అప్పుడు కమిటీలో పెద్దాయన ఒకరు ఫోన్లో కటింగ్ చూపించారు. ముప్పై సెక్షన్ ఉంది, జాగ్రత్త, కేసు పెడితే పిల్లల పాస్‌పోర్టులు ఆగిపోతాయి, గల్ఫ్ పోవాల్సినవాళ్ళు ఉన్నారు అన్నారు. ఈ నెల అయిపోనీ, వచ్చే నెల పోదాం అనుకున్నారు. వచ్చే నెల కూడా కటింగ్ వచ్చింది. ఆ తర్వాతి నెల కూడా. అట్లా ఐదు నెలలు పోయాయి. మధ్యలో ఇద్దరు పెద్దవాళ్ళు అల్లాకు ప్యారే అయ్యారు, వాళ్ళనూ ఆ నీళ్ళలోనే మోశారు.

ఈ ఐదు నెలల్లో పోలీసులు ఎవరినీ ఆపలేదన్నది గమనించండి. లాఠీ లేదు, తాఖీదు లేదు, ఒక్క కానిస్టేబుల్ కూడా ఆ వీధిలోకి రాలేదు. కటింగ్ ఒక్కటే వచ్చింది.

మామూ రైలెక్కి గూడూరొచ్చి మా ఇంట్లో కూర్చున్నాడు. మా ఖాందాన్‌లో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు, నాకు చేతిరాత బాగుంటుందని. "నువ్వే రాయి బేటీ, కానీ మేం పోయేది వద్దు, పోస్టులో వేద్దాం" అన్నాడు. ఎందుకు మామూ అంటే, "నక్కో బేటీ, కైకు లఫ్డా" అన్నాడు. ఆయన భయస్థుడు కాదు. పాతికేళ్ళు లారీ తోలినవాడు. తన ఒక్కడి కోసమైతే ఎప్పుడో పోయేవాడు. పాతికమంది పిల్లల ఫికర్ ఆయన తల మీదుంది.

ఆ రాత్రి చట్టం తీసి చదివాను. చదవడానికి పెద్ద ఇల్మ్ అవసరం లేదు, ఒకటిన్నర పేజీ ఉంటుంది.

1861 నాటి పోలీసు చట్టం అది. 1857 తిరుగుబాటు అణిగిన తర్వాత, ఇంగ్లీషువాళ్ళు ఈ ముల్క్‌ను గట్టిగా పట్టుకోవడానికి తెచ్చుకున్నది. దాని 30వ సెక్షన్ పోలీసు అధికారికి ఇచ్చే అధికారం సభలూ ఊరేగింపులూ నడిచే తీరును కట్టడి చేయడం వరకే. అదీ బహిరంగ రోడ్ల మీద, వీధుల్లో జరిగేవాటికే. ఇంట్లో పెట్టే మీలాద్ మహఫిల్, మస్జిద్ సహన్‌లో జల్సా, షాదీఖానాలో వలీమా ఆ సెక్షన్ మాటల్లోకి రావు. ఫలానా జనం ఫలానా రోడ్డు మీద గుమిగూడబోతున్నారు, అదుపు లేకపోతే శాంతికి భంగం కలగొచ్చు అని అధికారికి అనిపిస్తే, వాళ్ళను లైసెన్సు అడగమని నోటీసు ఇవ్వొచ్చు. లైసెన్సు ఇస్తూ షరతులు పెట్టొచ్చు. ఆ దర్ఖాస్తుకు గానీ, లైసెన్సుకు గానీ ఫీజు తీసుకోకూడదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. షరతు మీరితే 32వ సెక్షన్ కింద జరిమానా, రెండు వందల రూపాయలకు మించకుండా. ఆ 30వ సెక్షన్‌లోనే పండగలప్పుడు వీధుల్లో వాద్యాలు ఎంతవరకు వాయించాలో నిర్ణయించే అధికారం కూడా ఉంది. మన పీర్ల పండగ డప్పులు, బారాత్ బ్యాండ్‌మేళం, అందరి ఉత్సవాల బాజాలు ఆ ఒక్క వాక్యంలో ఇమిడిపోతాయి.

అంటే చట్టం అడిగేది ఇజాజత్. మన మొహల్లాలో అర్థమయ్యేది మనాహీ. ఈ రెండు మాటల మధ్య దూరంలోనే ఆ ఐదు నెలలు పోయాయి.

పోలీసులను తిట్టడానికి ఇది రాయడం లేదు. జనం గుంపు ఎంత ప్రమాదమో మన జిల్లాలవాళ్ళకు వేరే చెప్పాలా. 2022 డిసెంబరు 28న కందుకూరులో రోడ్డు మీద పెట్టిన రాజకీయ సభలో తొక్కిసలాట జరిగి 8 మంది పోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న, గుంటూరులో సరుకులు పంచే సభలో ముగ్గురు ఆడవాళ్ళు పోయారు. (2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మా గూడూరు నెల్లూరు నుంచి తిరుపతికి పోయింది, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది. మేం వదిలిన ఇంట్లోకి వాళ్ళు అద్దెకు దిగినట్టు.) జనవరి 2న ప్రభుత్వం జీవో నంబరు 1 తెచ్చింది. ఆధారం ఈ ముప్పై సెక్షనే. జాతీయ, రాష్ట్ర రహదారుల మీద, మున్సిపల్, పంచాయతీ రోడ్ల మీద సభలకు ఇక అనుమతి ఉండదు, మరీ అరుదైన సందర్భంలో తప్ప అన్నారు. ప్రాణాలు పోయాక ఏ సర్కారైనా ఏదో ఒకటి చేస్తుంది, చేయాలి కూడా. కానీ ఒక అధికారి ఒక ఊళ్ళో ఒక రోజు ఒక గుంపును చూసి తేల్చుకోవాల్సిన మాటను, రాష్ట్రంలోని అన్ని రోడ్లకూ కలిపి ముందే తేల్చేశారు. హైకోర్టు జనవరి 12న ఆ జీవోను తాత్కాలికంగా నిలిపింది, అదే ఏడాది మే 12న కొట్టేసింది.

జీవో పోయింది. కటింగులు మాత్రం పోలేదు. అవి చిన్నవి కదా, ఎవరూ కోర్టుకు తీసుకుపోరు.

కట్టడి ఎట్లా ఉంటే బాగుంటుందో చూడాలంటే మనకు దూరం పోనక్కర్లేదు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం రొట్టెల పండగకు మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. స్వర్ణాల చెరువులో నడుం లోతు నీళ్ళలో నిలబడి ఒకరు ఆరోగ్యం రొట్టె, ఒకరు చదువు రొట్టె, ఒకరు పెళ్ళి రొట్టె మార్చుకుంటుంటే, పక్కన ఏ మతంవాళ్ళున్నారో ఎవరికీ పట్టదు. అక్కడ బారికేడ్లుంటాయి, కెమెరాలుంటాయి, వాహనాలు దూరంగా ఆపేస్తారు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతారు. మా చిన్నోడు నాలుగేళ్ళప్పుడు అక్కడే తప్పిపోయి, ఒక ఆడ కానిస్టేబుల్ చంకనెక్కి బిస్కెట్టు తింటూ దొరికాడు. ఆ కట్టడి మీద నాకు ఏ షికాయత్ లేదు. దానికి చోటు ఉంది, రోజులు ఉన్నాయి, ఎందుకో అందరికీ తెలుసు. పండగ అయిపోయాక బారికేడ్లు లారీ ఎక్కుతాయి.

ఒక జాగాకు పేరు పెట్టి, అక్కడ పోలీసులకు మామూలు కంటే ఎక్కువ అధికారం ఇవ్వడం ఇవాళ్టిది కాదు. ఆ 1861 చట్టంలోనే 15వ సెక్షన్ చూడండి. ఒక ప్రాంతం కల్లోలంగా ఉందని సర్కారు గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, అక్కడ అదనపు పోలీసులను దించి, వాళ్ళ జీతాల ఖర్చు అక్కడ కాపురముండేవాళ్ళ నుంచే వసూలు చేయొచ్చు. నేరం ఎవరు చేశారన్న ప్రశ్న లేదు. ఆ ఊళ్ళో పొయ్యి వెలిగిస్తున్నావా, అయితే కట్టు. మన వైపు చూస్తే 1948లో మద్రాసు సర్కారు కల్లోలాల అణచివేత చట్టం తెచ్చింది, గూడూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే. ప్రకటించిన ప్రాంతంలో సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి కూడా హెచ్చరించి కాల్పులు జరిపించగల అధికారం అందులో ఉంది. దాన్నే 1969లో శ్రీకాకుళంలో, 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్లో వాడారు. ఆ తాలూకాల్లో పుట్టినవాళ్ళు తమ ఊరిపేరు చెప్పడానికి ఎన్నేళ్ళు వెనకాడారో వాళ్ళు రాసిన కథల్లో చదువుకోవచ్చు.

పదిహేనో సెక్షన్ మీద ఒక ముకద్దమా ఉంది, అది మనవాళ్ళు తెలుసుకోవాల్సినది. రాజస్థాన్‌లో ఝుంఝును జిల్లాలో 24 గ్రామాలను ఇట్లాగే ప్రకటించి, డకాయిట్లకు ఆశ్రయం ఇస్తున్నారని అదనపు పోలీసులను పెట్టారు. ఖర్చు ఊళ్ళవాళ్ళ మీద వేశారు. కానీ హరిజనులకూ ముసల్మాన్లకూ మాఫీ ఇచ్చారు. చదివినప్పుడు నేనూ ఒక్క క్షణం ఖుష్ అయ్యాను, ఒక్కసారైనా మనల్ని శరీఫులుగా లెక్కేశారని. 1960లో సుప్రీంకోర్టు ఆ మాఫీని కొట్టేసింది. మిగతా కులాల్లో శాంతంగా బతికేవాళ్ళు లేరని సర్కారు కూడా అనలేదు కదా, మరి వాళ్ళను కులమతాలు చూసి ఎట్లా వేరు చేస్తావు, 15వ అధికరణం ఒప్పుకోదు అన్నది తీర్పు సారం. మంచివాడో చెడ్డవాడో మనిషిని చూసి తేల్చాలి, బిరాదరీని చూసి కాదు. ఆ రోజు మనకు మాఫీ పోయింది నిజమే. ఇంకో రోజు మన మొహల్లా పేరు చూసి ఎవరైనా భారం మోపితే, చూపించడానికి అదే తీర్పు ఉంది. ఆ బేరంలో మనకే ఎక్కువ నఫా అని నా లెక్క.

మా పెద్దోడు హైదరాబాద్‌లో ఉద్యోగం. అక్కడ చట్టం పేరే హైదరాబాద్ నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీ. నిజాం జమానాది, ఇంగ్లీషు లెక్కలో 1938-39 అవుతుంది. వాడు ఆ పేరు చెప్తే నాకు నవ్వొచ్చింది. అసలు తెలుగులో ఠాణా భాషంతా మనదే కదా. జమానతు, ఖైదు, ఫిర్యాదు, తనిఖీ, హవల్దారు, ముద్దాయి, వకాల్తా, రాజీ, ఆఖరికి హక్కు కూడా. మన మాటలు అన్నీ లోపలే ఉన్నాయి, మనమే బయట నిలబడి వణుకుతున్నాం. పాతబస్తీలో రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న పిల్లగాళ్ళను పట్టుకుపోయి, అమ్మానాన్నలను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చే కార్యక్రమానికి మిషన్ చబూత్రా అని పేరు పెట్టారు. 2021 మే నెలలో, కరోనా రోజుల్లో, మసూద్ అనే సామాజిక కార్యకర్తను పాతబస్తీలో పోలీసులు ఆపి, మాస్కు తీయమని ముఖాన్ని ఫొటో తీసుకున్నారు. ఎందుకో చెప్పమని ఆయన హైకోర్టుకు వెళ్ళాడు. చబూత్రా మీద కూర్చున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు, ఎందుకో చెప్పమని అడిగింది ఒక్కడు.

ఇదేదో మన ముల్క్‌లోనే ఉందనుకోకండి. లండన్‌లో 2000 నాటి ఉగ్రవాద చట్టం 44వ సెక్షన్ కింద, ప్రకటించిన ప్రాంతంలో పోలీసులు అనుమానం లేకపోయినా ఎవరి జేబులైనా వెతకగలిగేవాళ్ళు. ఒక ప్రకటన 28 రోజులకు మించకూడదని అప్పటి నియమం. వాళ్ళేం చేశారంటే, 28 రోజులు కాగానే మళ్ళీ ప్రకటించారు, మళ్ళీ ప్రకటించారు. మహానగరం మొత్తం 2001 నుంచి ఏళ్ళ తరబడి ప్రత్యేక ప్రాంతమే. ఈ 28కి, మన 30కి పోలిక చూశారా. 2003లో ఆయుధాల ప్రదర్శన దగ్గర అట్లా ఆపిన ఒక విద్యార్థి, ఒక జర్నలిస్టు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా పోయి 2010 జనవరిలో గెలిచారు. 2009-10లో ఆ సెక్షన్ కింద లక్షకు పైగా తలాషీలు జరిగితే, ఉగ్రవాద నేరం కింద అరెస్టైనవాళ్ళు ఒక్కరూ లేరు. ఆపినవాళ్ళలో ఏ రంగువాళ్ళు ఎక్కువో నేను చెప్పక్కర్లేదు.

మన సుప్రీంకోర్టు కూడా ఇదే మాట ఇంకో దారిలో చెప్పింది. 1972లో అహమ్మదాబాద్ కేసులో, వీధుల్లో సభలను కట్టడి చేయొచ్చు గానీ మొత్తానికే మూసేయకూడదన్నది. 2020 జనవరిలో కశ్మీర్ కేసులో, 144 కింద ఉత్తర్వులను మళ్ళీ మళ్ళీ అవే ఇవ్వడం అధికార దుర్వినియోగమన్నది, ఉత్తర్వును జనానికి తెలిసేలా ప్రచురించాలన్నది. ఆ 144 ఇప్పుడు కొత్త సంహితలో, 2024 జూలై 1 నుంచి, 163గా మారింది. ఒక ఉత్తర్వు మామూలుగా రెండు నెలలే. మనవాళ్ళు 144నూ 30నూ కలిపేస్తారు. రెండూ వేర్వేరు. పేపర్లో ఏది రాశారో చూసి భయపడండి, భయపడాలనే ఉంటే.

పొద్దున్నే మామూకి చాయ్ పోసి ఇదంతా చెప్పాను. ఆయన సగం విన్నాడు. ఫీజు లేదన్న మాట దగ్గర మాత్రం కప్పు కింద పెట్టాడు. "లిఖా హై క్యా?" అన్నాడు. లిఖా హై మామూ అని వేలు పెట్టి చూపించాను. ఇంగ్లీషు రాకపోయినా ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు.

రెండు దర్ఖాస్తులు రాశాను. ఒకటి కాలువ, దారి గురించి. రెండోది పోలీసు అధికారికి: ఫలానా తారీఖు, జుహర్ తర్వాత, పాతికమంది, మస్జిద్ నుంచి ఆఫీసుదాకా, రోడ్డుకు ఎడమ పక్కన నడిచి వెళ్తాం, బాధ్యులు వీళ్ళు అని. రెండు కాపీలు, ఒకదాని మీద ముహర్ వేయించుకోమన్నాను. ముహర్ లేకుండా తిరిగి రావద్దని గట్టిగా చెప్పాను, ఎందుకంటే మౌఖికంగా అడిగితే జవాబూ మౌఖికమే. కమిటీలో ఆ పెద్దాయన చివరిదాకా ఒప్పుకోలేదు. ఆయన కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు, ఆ ఫికర్‌ను నేను తప్పుపట్టలేను. ఆయన రాలేదు, కానీ ఆ రోజు వెళ్ళేవాళ్ళకు షర్బత్ కలిపి పంపించాడు.

ఠాణాలో ముహర్ వేయడానికి రెండుసార్లు తిప్పారు. మూడోరోజు ఇజాజత్ కాగితం వచ్చింది. పాతికమంది బదులు పదిహేనుమంది, మైకు వాడకూడదు, అరగంటలో ముగించాలి. మామూ పదిహేనుమందినే తీసుకెళ్ళాడు. మయ్యత్ కొడుకు, ముఖం తిప్పుకున్నవాడు, మొదటి వరసలో నడిచాడట. ఒక కానిస్టేబుల్ వెనక మోటారుసైకిల్ మీద నెమ్మదిగా వచ్చాడట, రోడ్డు దాటేచోట లారీలను ఆపి వీళ్ళను పంపించాడట. ఆఫీసులో దర్ఖాస్తు తీసుకున్నారు. పది రోజులకు రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తోలారు. కాలువ పూడిక తీత వానలు తగ్గాక అన్నారు, అది ఇంకా కాలేదు.

ఇజాజత్ కాగితాన్ని మామూ లామినేషన్ చేయించి మస్జిద్ ఆఫీసులో గోడకు పెట్టాడు. ఫొటో తీసి నాకూ పంపాడు. షరతుల్లో చివరిది, అచ్చులో ముందే ఉండే వాక్యమనుకుంటా: వాద్యములు, బాజా భజంత్రీలు ఉపయోగించరాదు. ఖబ్రస్తాన్ దారి బాగుచేయమని అడగడానికి పోయేవాళ్ళు బ్యాండ్‌మేళం పెట్టుకుని పోతారా అని మా ఇంట్లో ఆ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర అందరం పడీపడీ నవ్వాం.